మొక్కజొన్నకు భాస్వరము: నేలలో దాగిన మూలధనము
(రైతుసభలో చేసిన యుపన్యాసపు పాఠము)



పత్రికా రచయితలకు పొలముతో పనియేమని మీలో కొందఱు తలచుచుండవచ్చును. స్వాతంత్ర్యమనగా శాసనసభలకును సచివాలయములకును మాత్రమే చెందిన సంగతియని యెంచువారికి ఆ సందేహము కలుగుట సహజము. దేశముయొక్క స్వాతంత్ర్యము దేశపు మన్నులోనే మొదలగునని మా విశ్వాసము. తన నేలలో ఏమున్నదో యెఱుగక, ఎరువుల దుకాణము ముందు తెల్లవారుజామునుండి వరుసలో నిలిచి, దొరకినదానిని దొరకినంత తెచ్చి, పొరుగువాడెంత వేసిన తానును అంత వేయువాడు ఎంతటి కష్టజీవియైనను పరాధీనుడే. కావున నేడు మొక్కజొన్న పైరునకు భాస్వరపుటెరువు ఏ విధమున నుపకరించునో, ఏ సందర్భమున వ్యర్థమగునో, ఎప్పుడు హానియు జేయునో మీతో ముచ్చటింప వచ్చితిమి.

విత్తనముల కాలము రాగానే ప్రతి గ్రామమునను వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఎకరమునకు ఎన్ని బస్తాలు?" ఈ ప్రశ్నకు ముందు అడుగవలసినవి మూడు ప్రశ్నలున్నవి. భాస్వరము మన నేలలో ఇదివఱకే యెంత యున్నది? పైరునకు అది ఎప్పుడు కావలెను? ఎచ్చట నుంచిన వేరునకు అందును? ఈ మూటికిని సమాధానము చెప్పుకొనినచో బస్తాల లెక్క తనంతట తానే తేలును. చెప్పుకొననిచో ఎన్ని బస్తాలు గ్రుమ్మరించినను లెక్క తేలదు. మా యుపన్యాస సారమంతయు నింతియే; తక్కినది వివరణము.

మొదట పైరును గూర్చి యొక మాట. తెలంగాణమున మక్కలనియు, సర్కారు జిల్లాలలో మొక్కజొన్నయనియు మనము పిలుచు ఈ ధాన్యము మనకు పుట్టింటి ధాన్యము కాదు. మెక్సికో దేశమున వేలయేండ్ల క్రిందట గడ్డిజాతి మొక్కనుండి అచటి ప్రజలు దీనిని సాధించిరి. సముద్రములు దాటి వచ్చిన ఈ యతిథి కరీంనగరము, నిజామాబాదు, వరంగల్లు, మహబూబునగరము ప్రాంతముల చెలకలలో నిలద్రొక్కుకొని, పేదల రొట్టెయై, గటకయై, కాల్చిన పొత్తియై మనవారిలో నొకటియైనది. 1957లో అఖిల భారత మొక్కజొన్న పరిశోధన ప్రణాళిక యారంభమయ్యెను. 1961లో మొదటి సంకర రకములు విడుదలయ్యెను. వానిలో నొకదానికి "దక్కన్" అని పేరిడిరి. నాటి దేశవాళీ పైరు కొద్దిపాటి ఎరువుతో కొద్దిపాటి గింజనిచ్చి తృప్తిపడెడిది. నేటి సంకర రకము అట్టిది కాదు. ఎకరమునకు ముప్పది, నలువది క్వింటాళ్ల గింజనిచ్చు పైరు నేలనుండి ఆ మేరకు గుంజుకొనును. నేడు మన మొక్కజొన్నలో నధికభాగము మన కంచములోనికి గాక కోళ్లదాణాకును, గంజిపిండి కర్మాగారములకును, ఇటీవల ఇథనాలు తయారీకిని పోవుచున్నది. గింజతోపాటు మన నేలయందలి భాస్వరమును బండ్లకెక్కి ఊరుదాటి పోవుచున్నదని మఱువరాదు.

ఈ భాస్వరమెక్కడిది? దాని కథ విచిత్రమైనది. 1669లో జర్మనీ దేశపు హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది మూత్రమునుండి బంగారము తీయదలచి దానిని కాచి కాచి యెండబెట్టెను. బంగారము రాలేదు గాని, చీకటిలో వెలుగు నొక పదార్థము చిక్కెను. అదియే భాస్వరము. వెలుగునది గనుక మనవారును ఆ పేరే పెట్టిరి. మనము అసహ్యించుకొని పాఱవేయు మాలిన్యమునందే ఈ మహాద్రవ్యము లోకమునకు మొదట దర్శనమిచ్చెనన్న సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దానితో మఱల మనకు పనిగలదు.

పందొమ్మిదవ శతాబ్దమున లీబిగ్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు పైరు నేలనుండి గ్రహించు ఖనిజములను మరల నేలకు చెల్లింపనిచో భూమి నిస్సారమగునని చాటెను. ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాస్ ఎముకలను, ఖనిజ ఫాస్ఫేటును గంధకామ్లముతో కలిపి, నీట కరగు ఎరువుగా మార్చి, 1842లో దానికి హక్కుపత్రము పొందెను. అదియే సూపరు ఫాస్ఫేటు. మఱుచటి సంవత్సరము రోథామ్‌స్టెడ్ క్షేత్రమున ఆతడు ప్రారంభించిన పరీక్షలు నేటికిని జరుగుచున్నవి. ఈ ఎరువు రుచి మరగిన పిమ్మట ఐరోపా ఎముకలకై లోకమంతట వెదకెను. మన దేశమునుండియు ఎముకలు ఓడలకెక్కెను. ఇంగ్లండునుండి పంపబడిన వోల్కర్ అను రసాయనజ్ఞుడు భారత వ్యవసాయముపై వ్రాసి 1893లో ప్రచురించిన నివేదికలో ఈ ఎముకల ఎగుమతిని గూర్చి ప్రస్తావించెను. మన పశువు మన గడ్డి మేసి, మన దుక్కి దున్ని, మన పొలములో చచ్చిన పిమ్మట దాని యెముక పరదేశపు పొలమునకు బలమైనది. 1906లో చెన్నపట్టణమునకు సమీపమున రాణిపేటలో సూపరు ఫాస్ఫేటు కర్మాగారము వెలసినప్పుడు మన దేశమున రసాయనికపుటెరువుల పరిశ్రమ మొదలైనది. 1967 నాటికి విశాఖపట్టణమున పెద్ద ఎరువుల కర్మాగారము పని కుపక్రమించెను. కర్మాగారములు మనవైనను, వానిలో పోయు ముడిరాయి మనది కాదు. ఆ సంగతి తరువాత చెప్పెదము.

ఇక భాస్వరము మొక్కలో ఏమి చేయుచున్నది? ఆకు సూర్యరశ్మినుండి పట్టిన శక్తి మొక్కయంతట పనికి వచ్చుటకు భాస్వర సంయోగములే వాహకములు. కణము రెండగునప్పుడు దాని కేంద్రకములోని వంశలిపికి భాస్వరము వెన్నెముక వంటిది. కావున ఎచ్చట పెరుగుదల త్వరితముగా జరుగునో, వేరుకొనయందును, లేజిగురునందును, పొడముచున్న కంకియందును, అచ్చటనే భాస్వరముయొక్క యవసరము హెచ్చు. నత్రజని ఆకునకు పచ్చదనమును తెచ్చి కంటికి వెంటనే కనబడును. భాస్వరము పనిచేయునది నేల క్రింద. కనుక రైతు దాని యుపకారమును గాని, లోపమును గాని ఆలస్యముగా గుర్తించును.

మొక్కజొన్న గింజలో తల్లి యిచ్చిన మూటవలె కొంత భాస్వరము దాగియుండును. మొలక దానితో సుమారు రెండు వారములు బ్రదుకును. ఆ మూట తీరునప్పటికి వేళ్లింకను చిన్నవి. నేలలో దూరము పోజాలవు. అదియే పైరుయొక్క గండకాలము. మొత్తముమీద లెక్కించినచో పైరు తన భాస్వరములో ఎక్కువ పాలు మోకాలెత్తు దాటిన పిమ్మటనే గ్రహించుననుట నిజమే. కాని శైశవమున కలిగిన లోటు తరువాత ఎంత పెట్టినను తీరదు. ఏలయన ఆరేడు ఆకుల దశనాటికే కంటికి కనబడని కంకి కాండములో నంకురించును. దానికెన్ని వరుసలుండవలెనో దాదాపు ఆ రోజులలోనే తేలిపోవును. మనము చేనిగట్టున నిలిచి "ఇంకను చిన్నమొక్కయే కదా" యని యనుకొనుచుండగానే పంటయొక్క జాతకము లోపల వ్రాయబడుచున్నది.

భాస్వరము చాలని మొక్క గిడసబాఱును. ముదురాకుపచ్చగా నుండిన క్రింది యాకుల కొనలును, అంచులును ఊదారంగుకు తిరుగును. ఆకులో తయారైన చక్కెర పెరుగుదలకు వినియోగపడక నిలిచిపోయినపుడు ఈ రంగు పుట్టును. అట్టి చేనులో పీచు ఆలస్యముగా వెలువడును. మగపూవు పుప్పొడి రాల్చు వేళకు పీచు సిద్ధముగా లేనందున గింజ సరిగా పట్టదు. పొత్తి విప్పి చూచినచో వరుసలు వంకరగా, మధ్యమధ్య ఖాళీలతో, కొన బోసిగా నుండును. అయితే ఒక హెచ్చరిక. ఊదారంగు కనబడినంతనే బస్తాకై పరుగెత్తకుడు. చలికాలపు రాత్రులలోను, నీరు నిలిచిన మడిలోను, గట్టిపడిన నేలలోను వేరు పనిచేయక, నేలలో భాస్వరమున్నను మొక్కకు అందక, ఈ రంగే రావచ్చును. కొన్ని రకములకు స్వభావముచేతనే రంగు హెచ్చు. ఎండ వచ్చి, నీరు తీసి, అంతరకృషి చేసినంతనే తేరుకొను చేను పెక్కు కలవు. రోగమెఱుగక మందిచ్చుట వైద్యము కాదు.

ఇప్పుడు నేలలో భాస్వరముయొక్క నడవడిని చూడుడు. నత్రజని నీటితో పరుగులిడును. కొంత లోతునకు దిగిపోవును, కొంత గాలిలో కలియును. భాస్వరము కదలనే కదలదు. వేసినచోటనుండి పైరు కాలమంతయు కదలినను కొన్ని మిల్లీమీటర్లకు మించదు. కావున అది వేరు దగ్గఱకు వచ్చుననుకొనరాదు; వేరే దాని దగ్గఱకు పోవలెను. పైగా, నీట కరగిన భాస్వరమును నేల త్వరలోనే పట్టుకొనును. ఎఱ్ఱ నేలలలో ఇనుమును అల్యూమినియమును, సున్నము హెచ్చుగా గల నల్లరేగడిలో సున్నపు ధాతువును దానిని బంధించును. అందుచేత మనము వేసిన భాస్వరములో ఆ పైరునకే చేరునది సాధారణముగా నూటికి పదినుండి ఇరువదియైదు పాళ్లు మాత్రమే.

ఈ మాట విని కొందఱు "అయినచో తక్కినదంతయు నష్టమే కదా, నాలుగింతలు వేసినగాని పైరునకు చాలదు" అని తీర్మానించుకొందురు. ఇచ్చటనే పొరపాటు కలదు. తక్కినది పోలేదు, నేలలోనే యున్నది. అందులో కొంత బిగిసి రాయివలె నగును. కొంత మెల్లమెల్లగా విడివడి రాబోవు పైరులకు అందుచుండును. అది బ్యాంకులో వేసిన నిల్వధనమువంటిది. ఏటేట బస్తా బస్తా నిల్వచేసి, ఖాతా ఎన్నడును చూచుకొనక, మఱుచటి సంవత్సరము మరల అప్పుచేసి అంతయే నిల్వచేయు గృహస్థుని లోకము వివేకియనునా? డి.ఏ.పి. వాడుక వచ్చిన నాటినుండి తెలుగునాట పెక్కు పొలములకు ప్రతి పంటకును ఈ ఎరువు ఏకరీతిగా పడుచున్నది. నేడు భూపరీక్షలు చేసినపుడు చాలచోట్ల భాస్వరము మధ్యమముగానో అధికముగానో తేలుచున్నది. ఆ నిల్వ మీ చెమటతో కూడబెట్టినది. దానిని వాడుకొనుట మీ హక్కు.

నిల్వ తక్కువగా నున్న నేలలు లేవని మేమనుట లేదు. ఉన్నవి. అట్టి చేనిలో భాస్వరము వేయనిచో ఎంత యూరియా చల్లినను ఫలము లేదు. ఎద్దులలో నొకటి కుంటిదైన బండి ఎట్లు నడచునో ఆ పైరట్లే పెరుగును. అచ్చట స్వదేశీయను పేరుచెప్పి రసాయనికపుటెరువునే నిషేధింపుమను వారితో మేమేకీభవింపము. ఆకలిగొన్న నేలకు ఉపన్యాసము అన్నము కాదు.

వేయవలసినపుడు ఎచ్చట వేయవలెను? విత్తనమునకు ప్రక్కగా రెండంగుళముల దూరమున, దానికంటె రెండంగుళములు లోతుగా భాస్వరముండిన మేలు. మొలక తొలివేరు దిగగానే ఆహారము నోటికందును. చేనంతయు వెదజల్లినచో ప్రతి రేణువును మన్ను చుట్టుకొని బంధించును; సాలులో నొకచోట జేర్చినచో మన్ను తాకు భాగము తగ్గి, ఎక్కువ కాలము వేరునకు లభ్యముగా నుండును. అయితే గింజను తాకునట్లు డి.ఏ.పి. వేయరాదు, దానినుండి వెలువడు అమ్మోనియా మొలకను మాడ్చును. పైమందుగా నెల దాటిన పైరుపై డి.ఏ.పి. చల్లు వాడుక కొన్నిచోట్ల కలదు. అందలి నత్రజని యుపకరించును గాని, భాస్వరము పైపొరలోనే చిక్కుకొని, ఎండిన మట్టిలో వేరునకు అందక నిలిచిపోవును. దానికి పెట్టిన ధనము ఆ పంటకు రాదు. భాస్వరము అడుగు మందు. అడుగుననే వేయవలెను.

కృష్ణా, గుంటూరు మండలముల మాగాణులలో వరి కోసిన పిమ్మట దున్నకయే మొక్కజొన్న విత్తు పద్ధతి వ్యాపించినది. అచ్చటి పంట దేశమునకే వన్నె తెచ్చునంతటిది. ఈ పద్ధతిలో భాస్వరపు సంగతి మఱింత జాగ్రత్తగా గ్రహింపదగియున్నది. నీరు నిలువగట్టిన వరిమడిలో మట్టికి గాలి తగులదు. అపుడు ఇనుము తన రూపము మార్చుకొని, తాను పట్టియుంచిన భాస్వరమును విడుచును. కనుక వరికి నేల తనంతట తానే కొంత భాస్వరమును వడ్డించును. నీరు తీసి నేల ఆరినపుడు ఆ ఇనుము మరల తుప్పుగా మారి, భాస్వరమును ముందటికంటె గట్టిగా బిగియబట్టును. సరిగా ఆ సమయముననే మొక్కజొన్న మొలకెత్తును. అదిగాక, మొక్కజొన్న వేళ్లతో పొత్తుపెట్టుకొని దూరపు భాస్వరమును తెచ్చియిచ్చు మైకోరైజా యను శిలీంధ్రములు నీటమునిగిన మడిలో క్షీణించును. చలిరాత్రులు వేరును మందగింపజేయును. ఈ మూడు కష్టములును ఒక్కసారి వచ్చిపడు పసిపైరునకు అడుగు భాస్వరము ముఖ్యము. కావున రెండు పంటల లెక్కను కలిపి చూచుకొని, నేల పరీక్ష యనుమతించినచోట వరికి తగ్గించి, మొక్కజొన్నకు పూర్తిగా నిచ్చుట యుక్తము. మనవారు పెక్కుచోట్ల రెంటికిని సమముగా వేయుచున్నారు. దున్నని నేలలో ఎరువును కలియదున్నుటకు వీలులేదు గనుక, గింజ గుంటకు ప్రక్కన వేఱొక గుంట చేసి అందులో వేసి మన్ను కప్పవలెను.

అతిగా వేసిన భాస్వరము ఊరకుండునా? ఊరకుండదు. అది జింకుతో వైరము పూనును. భాస్వరము మితిమీరిన నేలలో మొక్కకు జింకు సరిగా అందదు. మొక్కజొన్నకు జింకు లోపమన్న మిక్కిలి భయము. మొలచిన రెండు మూడు వారములకు లేతాకుల మొదళ్లలో ఈనెకిరుప్రక్కల తెల్లని పట్టీలు పడి, జిగురు తెల్లబాఱును. దీనినే తెల్లమొగ్గ యందురు. రైతు అది చూచి బలము చాలలేదనుకొని మరియొక బస్తా తెచ్చును. వ్యాధికి హేతువైనదానినే ఔషధమని మరల త్రాగించును! జింకు సల్ఫేటు ఎకరమునకు ఇరువది కిలోలు రెండు మూడు పంటలకొకసారి దుక్కిలో వేసినచో ఈ బాధ తొలగును. పైరుపై కనబడినపుడు లీటరు నీటికి రెండు గ్రాముల చొప్పున పిచికారి చేయవచ్చును. జింకు సల్ఫేటును భాస్వరపుటెరువుతో కలిపి మాత్రము వేయరాదు. రెండును ఒండొంటిని బంధించుకొనును.

ఇక లెక్కకు వత్తము. వానకాలపు మొక్కజొన్నకు మన విశ్వవిద్యాలయములవారు ఎకరమునకు సుమారు 24 కిలోల భాస్వరమును సిఫారసు చేయుచున్నారు. యాబది కిలోల డి.ఏ.పి. బస్తాలో 23 కిలోల భాస్వరమును, 9 కిలోల నత్రజనియు నుండును. అనగా మధ్యమపు నేలకు ఒక్క బస్తా దాదాపు సరిపోవును. టన్ను మొక్కజొన్న గింజ ఆరేడు కిలోల భాస్వరమును పొలమునుండి తీసికొనిపోవును. ముప్పది క్వింటాళ్లకు ఇరువది కిలోల ప్రాంతము. ఆ బస్తా దానిని భర్తీ చేయును. భూపరీక్షలో భాస్వరము తక్కువని తేలినచో నూటికి ముప్పది పాళ్లు పెంచవలెను; అధికమని తేలినచో ముప్పది పాళ్లు తగ్గింపవచ్చును. తగ్గించిన యెడల ఎకరమునకు సుమారు పదునేడు కిలోలు చాలును. బస్తాలో నాలుగవవంతు మిగులును. తగ్గిన డి.ఏ.పి.తో పోవు స్వల్పపు నత్రజనికై ఐదు కిలోల యూరియా చేర్చిన చాలును. పది ఎకరముల రైతుకు రెండున్నర బస్తాలు మిగులును. ఒక గ్రామమున వేయి ఎకరములలో ఇట్లు జరిగినచో రెండువందల యేబది బస్తాలు! ఈ మిగులునకు పెట్టుబడి యేమి? చేనిలో పది పదునైదు చోట్ల దుక్కిలోతు మట్టి తీసి, కలిపి, అరకిలో పంపించు శ్రమ మాత్రమే. 2015లో భూసార పత్రముల పథకము వచ్చిన తరువాత పెక్కు ఇండ్లకు ఆ పత్రములు చేరినవి. పెట్టెలో దాచిన పత్రము పైరునకు పనికిరాదు. దానిని తీసి చదువుడు. చదువరాని పెద్దలకు బడికిపోవు పిల్లలచేత చదివించుడు.

ఈ బస్తాల పొదుపు కేవలము ఇంటి లెక్క కాదు; దేశపు లెక్క. భాస్వరము కర్మాగారములో పుట్టదు, గనిలో దొరకును. నత్రజనిని గాలినుండి తీయగలిగిన మానవుడు భాస్వరమును దేనినుండియు సృష్టింపజాలడు. లోకమున తెలిసిన ఫాస్ఫేటు రాతినిల్వలలో మూడింట రెండు వంతులకు మించి మొరాకోయందును, దాని యధీనమునగల పశ్చిమ సహారాయందును ఉన్నది. మనకు రాజస్థానమున ఉదయపురమువద్ద ఝామర్‌కోట్ర గని కలదు. మధ్యప్రదేశమున కొంత కలదు. మన యవసరమునకు అది చాలదు. రాయియో, ఆమ్లమో, తయారైన ఎరువో ఏదో యొక రూపమున అధికభాగము విదేశములనుండియే వచ్చుచున్నది. 2021లో చైనా తన ఫాస్ఫేటు ఎరువుల ఎగుమతిని బిగించెను; అదే సంవత్సరమున అంతర్జాతీయపు ధరలు పెరిగి, డి.ఏ.పి. బస్తా అసలు ఖరీదు 2400 రూపాయలకు చేరగా, రైతు చెల్లించు ధర 1200 రూపాయలుగానే యుండుటకై కేంద్రప్రభుత్వము బస్తాపై తానిచ్చు సహాయమును 500 రూపాయలనుండి 1200 రూపాయలకు పెంచవలసివచ్చెను. ఆ సహాయమును రైతుకిచ్చిన దానమని పట్టణవాసులు కొందఱందురు. అది ప్రజలందఱి ధనమే. అందులో గొప్ప భాగము పరదేశపు గనులకును ఓడలకును చేరుచున్నది. అనవసరముగా వేసిన ప్రతి బస్తాయు రైతు సంచినుండి కొంతయు, దేశపు బొక్కసమునుండి కొంతయు తీసి, అచ్చటికి పంపిన కప్పము.

మన యింటనే యున్న భాస్వరమును చూడుడు. రాజస్థానపు రాతితో చేయదగిన సింగిలు సూపరు ఫాస్ఫేటులో భాస్వరము నూటికి పదియారు పాళ్లే యైనను, గంధకమును సున్నమును తోడుండును. మూడు బస్తాలు ఒక డి.ఏ.పి. బస్తాకు సమము; గంధకము చాలని నేలకు అది రెండు విధముల మేలు. ఇక కోళ్లను గూర్చి చెప్పెదము. మొక్కజొన్న గింజలోని భాస్వరములో అధికభాగము ఫైటేటు అను రూపమున నుండును. కోడి దానిని సరిగా అరిగించుకొనజాలదు. కావున మన నేలనుండి గింజలో పోయిన భాస్వరము కోళ్లఫారము చేరి పెంటలో పడుచున్నది. ఎండిన కోళ్లపెంటలో నూటికి రెండు మూడు పాళ్ల భాస్వరముండును. టన్ను పెంట ఒక డి.ఏ.పి. బస్తాకు దీటు. దానిని పచ్చిగా వేయక, కుప్పవేసి మాగబెట్టి దుక్కిలో కలిపినచో పోయిన ధనము ఇల్లు చేరినట్లే. పశువుల ఎరువులో భాస్వరము టన్నుకు రెండు మూడు కిలోలకు మించదు. కాని దానిలోని సేంద్రియ పదార్థము బంధింపబడిన భాస్వరమును విడిపించుటకు తోడ్పడును. ఫాస్ఫరస్ కరిగించు సూక్ష్మజీవుల మందును ఎకరమునకు రెండు కిలోల చొప్పున మాగిన పశువుల ఎరువుతో కలిపి వేయవచ్చును. అది నేలలో నున్నదానిని కొంత కరిగించును, లేనిదానిని సృష్టింపజాలదు. దానిని అద్భుత ఔషధమని అమ్మువారి మాట నమ్మవలదు, నిరుపయోగమని త్రోసివేయనువలదు. ఒక సాలు వేసి, ఒక సాలు విడిచి, మీ కన్నులతో మీరే చూచుకొనుడు.

హాంబర్గులో రసవాది మాలిన్యములో బంగారము వెదకి భాస్వరమును కనుగొనెనని ముందు చెప్పితిమి. మనమా బంగారమునకు సమానమైన భాస్వరమును మాలిన్యముగా పాఱవైచి, తిరిగి ధనమిచ్చి కొనుచున్నాము. పొలమున మిగిలినది వర్షమునకు పైమట్టితో కొట్టుకొనిపోయి చెఱువులు చేరినచో అచ్చట నాచు బలియును. నేలకు బలమగు ద్రవ్యము నీటికి రోగమగుచున్నది. గట్టు వేసికొని మన్ను నిలుపుకొనుట భాస్వరమును నిలుపుకొనుటయే.

సోదరులారా! పెద్దల కాలమున చేనికి పెంట తోలుటకు పూర్వము రైతు మట్టిని పిడికిట పట్టి, నలిపి, వాసన చూచి, ఈ చెలక ఏమి కోరుచున్నదో తెలిసికొనెడివాడు. పరిశోధనశాల ఆ పిడికిటికి వచ్చిన క్రొత్త చూపు మాత్రమే. ఈ చూపును మీరు వశపఱచుకొనుడు. గ్రామమునకు పదిమంది యువకులు పూనుకొని, వచ్చు వేసవిలో పొలము పొలమునను మట్టి తీయించి, ఫలితములను చావడి గోడపై వ్రాయించినచో, ఎవ్వరి చేనికి ఎంత కావలెనో ఊరంతటికిని తెలియును. అపుడు దుకాణదారుడు ఇచ్చినదానిని తెచ్చుకొను రైతు పోయి, కావలసినదానిని అడుగు రైతు వచ్చును. తక్కువయున్నచోట వెనుదీయక వేయుడు, ఎక్కువయున్నచోట ధైర్యముగా తగ్గింపుడు, వేయునది గింజ ప్రక్కన, అడుగున, విత్తునాడే వేయుడు, జింకును మఱువకుడు, పెంటను పోనీయకుడు.

మన నేలలో మన చేతితో దాచిన ధనమున్నది. దాని లెక్క తెలిసిన రైతు ఎవ్వరికిని కప్పము కట్టనక్కఱలేదు.